తెల్లపూల నేరం

గాజుగదిలో పూసిన పెట్యూనియా మొక్కల్ని పీకి చెత్తడబ్బాలో కుక్కుతోంది పరిశోధక విద్యార్థిని.

"పచ్చటి మొక్కలు! ఎందుకమ్మా పారేస్తున్నావు?" కూలర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అడిగాడు.

"ఊదాపూలు ఇంకా ముదురుగా పూయాలని రంగు జన్యువు ఇంకోటి ఎక్కించాను బాబాయ్. ఉన్న రంగు కూడా పోయి తెల్లగా పూశాయి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. వచ్చేవారమే సమీక్ష. ఫలితం చూపకపోతే మూడేళ్ళ పిహెచ్‌డీకి మంగళం పాడి ఇంటికి పోవడమే.

"జన్యువు ఎక్కడికీ పోలేదు. మొక్క దాని నోరు నొక్కేసింది," అన్నాడతను స్క్రూ బిగిస్తూ.

"అదెలా?"

"రంగు తయారుచేయమని జన్యువు పంపే ఆర్‌ఎన్‌ఏ ఉత్తరాలు మరీ ఎక్కువైతే మొక్కకి అనుమానం వస్తుంది. శత్రువు పంపాడనుకుని ముక్కలు చేస్తుంది. ఆ చిన్న ముక్కలు ఊరుకుంటాయా? తమలాంటి ఉత్తరం ఎక్కడ కనబడినా చింపించేస్తాయి, ఇంట్లోవాళ్ళు, అంటే మొక్క సొంత జన్యువు, రాసిందైనా సరే. కొన్నైతే డీఎన్‌ఏ దగ్గరికే పోయి జన్యువు మళ్ళీ ఉత్తరం రాయకుండా మిథైల్ తాళాలు వేయిస్తాయి."

"నా చెవిలో పూలు పెట్టకండి బాబాయ్! ముందు ఆ కూలర్ సంగతి చూడండి."

అతను నొచ్చుకోలేదు. కూలర్ తిప్పి చూపించి, రసీదు మీద సంతకం చేసి ఇచ్చి వెళ్ళిపోయాడు.

కూలర్‌లో గాలి కన్నా ఈయన కోతలే ఎక్కువ అనుకుందామె. అయినా మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం. డబ్బాలోంచి నాలుగు మొక్కలు బయటికి లాగి పరీక్ష పెట్టింది.

జన్యువు భేషుగ్గా ఉంది. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కుప్పలుగా దొరికాయి. మిథైల్ తాళాలు వరసగా కనబడ్డాయి.

సమీక్షలో గైడ్ ఎగిరి గంతేశాడు.

"శభాష్! ఈ ఆలోచన ఎవరిది?"

నాదే అనబోయి నాలుక కరుచుకుంది.

"కూలర్ మెకానిక్‌ది సార్."

గది గొల్లుమంది. అందరికన్నా గట్టిగా గైడే నవ్వాడు.

"అయితే ఆయన్నే పిలువు. పాఠం చెప్పించుకుందాం!"

"ఫోన్ చేశాను సార్. నిన్ననే పని మానేసి ఊరు వదిలి వెళ్ళిపోయారట." ఆమె రసీదు ముందుకు జరిపింది.

సంతకం చూసిన గైడ్ నవ్వు ఆగిపోయింది. రసీదు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆయన మీకు తెలుసా సార్?"

"పాతికేళ్ళ క్రితం ఇలాంటి తెల్లపూలే తెచ్చి నా బల్లమీద పెట్టిన నా మొదటి విద్యార్థి," అన్నాడు గైడ్ తలెత్తకుండా, "విత్తనాలు కల్తీ చేశావని నేనే వెళ్ళగొట్టాను."