లెక్కల అయ్యవారి గుండు

"నెత్తి మీద వెంట్రుకలు యాడ పోయినాయప్పా?" చర్చి సంఘపెద్ద పరంజ్యోతి కుర్చీలో కూర్చోకముందే అడిగేశాడు. "మద్రాసు నుంచి వచ్చే దోవలోనే గదా కొండ!"

సుందరరాజు నున్నటి గుండు తడుముకున్నాడు. నంద్యాల మిషన్ బడిలో పన్నెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. తిరుపతిలో తలనీలాలిచ్చాడని తేలితే సంఘమూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. పక్కనే అతని చిన్ననాటి స్నేహితుడు, ఆళ్లగడ్డ రైతు శేషయ్య, తువ్వాలు కనుబొమల దాకా దించుకుని కూర్చున్నాడు. ఇద్దరూ మూడు నెలలు మద్రాసులో ఉండి, నిన్న రెండు గుండ్లతో ఒకే బస్సు దిగారు. శేషయ్య గుండును ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లింట్లో ఏటా ఎవరో ఒకరు కొండకు పోయేవాళ్లే.

సుందరరాజు ఆసుపత్రి కాగితాన్ని పైభాగం మడిచి చేతికిచ్చాడు.

"సిస్‌ప్లాటిన్... విన్‌బ్లాస్టిన్... ఇవేందప్పా?"

"క్యాన్సర్ సూదులయ్యా. బీజంలో లేచిన గడ్డ ఊపిరితిత్తుల దాకా పాకితే ఇస్తారు. నాలుగు దఫాలు. ఒకటే వాంతులు. జుట్టంతా ఊడొస్తాది."

"బీజంలోనా?" పరంజ్యోతి గొంతు తగ్గించి తలుపు వైపు చూశాడు. తలుపు చాటున సుందరరాజు భార్య కృపావతి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. భుజాలు అదిరిపోతున్నాయి. అది చూసి పరంజ్యోతి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇప్పుడెట్లుందప్పా?"

"గడ్డలు కరిగిపోయినాయి. ఇంక భయం లేదన్నాడు డాక్టరు."

ఆ మాట చెబుతూ సుందరరాజు శేషయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ప్రాణం దక్కుతుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు.

"నిన్ను అనుమానించినాను, పాపిని!" పరంజ్యోతి ఆ గుండు మీద చెయ్యి పెట్టి తనివితీరా ప్రార్థించాడు. తర్వాత శేషయ్య వైపు తిరిగాడు. "మీ దేవునికి మొక్కి గుండు కొట్టించుకున్నావే! స్నేహితుడంటే నీ మాదిరుండాలప్పా!"

శేషయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు.

"ఆదివారం సంఘమంతా నీకోసం ఉపవాసముంటాం, సుందరా!" అంటూ పరంజ్యోతి మెట్లు దిగాడు.

కృపావతి తలుపు గడియ పెట్టి, ఆపుకున్న నవ్వంతా పగలబడి నవ్వింది.

"నేనొక్క అబద్ధమన్నా ఆడినానా?" అన్నాడు సుందరరాజు.

జబ్బు శేషయ్యది, మొక్కు సుందరరాజుది.