ఆదివారం ఫెర్రీ

చెల్లీ, మీ బావగారి గొప్ప ఎవరికీ చెప్పుకోలేక, చివరికి కలం పట్టాను.

యాభై ఏళ్లకు మొదలెట్టిన నా దూరవిద్య డిగ్రీని ఆన్‌లైన్ చేసేశారు. ఆదివారం క్లాసులకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లే పని లేదు.

ఆయన మిఠాయి తెచ్చారు. "ఇంక ఫెర్రీ ఎక్కి ఊరేగక్కర్లేదు. బియ్యే నీ పొయ్యి దగ్గరికే వచ్చింది."

"మన బాంబూఫ్లాట్‌లో నెట్ అందదండీ. ఫెర్రీ ఎక్కి అవతలి చాతం రేవు దాటాలట," అన్నాను మెల్లగా.

ఫోన్ మోగితే ఎత్తడం తప్ప ఇంకేమీ రాని మనిషి, తల పంకించారు. "టవర్లన్నీ అటే కదా వేశారు. నీకేం తెలుసు?"

ఇప్పుడూ ప్రతి ఆదివారం వెళ్తున్నాను. పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్ పేటలో మా క్లాసు ఆడవాళ్లమంతా కూర్చుని చదువుకుంటున్నాం.

మా దేవుడి గదిలో నెట్ చక్కగా అందుతుంది. దణ్ణానికైనా ఆయన అందులో అడుగు పెట్టరు. ఈ ఉత్తరం దాచు, ఎవరికీ చూపకు.