మలుపుకో గుడ్డ

"ఇక్కడ ఎర్ర గుడ్డ కట్టానే!" అంటూ గైడు తన కయాక్ పడవ ఆపేశాడు. తిరుగుదారిలో ఎదురుగా, ఎగువన రెండు పాయలు. రెండింటి ఒడ్డునా ఒకేలాంటి రెల్లు.

"నీకు దారి తెలీదా బాబూ?" అన్నాను, మా కయాక్ అతని పక్కకి తెస్తూ.

"మొన్నటి వరదకి పాయలన్నీ మారిపోయాయి సార్. అందుకే పొద్దున్నే వచ్చి మలుపు మలుపుకీ గుడ్డ కట్టుకున్నాను. నాలుగింటికి పైన డ్యాం గేట్లు ఎత్తుతారు. ఈలోపే బయటపడాలి."

టైం చూశాను. మూడూ నలభై.

వెనక సీట్లో మా ఆవిడ ఉలకలేదు, పలకలేదు. పొద్దుటి నుంచీ నోరు మూతపడని మనిషి.

"ఏమైందే?"

ఒళ్లో సంచీ విప్పి చూపించింది. నిండా ఎర్ర గుడ్డ పీలికలు.

"చెత్త అనుకున్నానండీ. వచ్చేటప్పుడు ఒక్కోటీ విప్పేశాను. ఎవరో నదిని పాడుచేశారని తిట్టుకుంటూ."

"నీ శుభ్రం తగలెయ్య!" అని నవ్వబోయాను. గైడు నవ్వలేదు.

"అమ్మా, ఇక్కడిది ఏ పక్క విప్పారు? ఎడమా, కుడా?"

"ఎడమే... కాదు బాబూ, ఉండు..."

ఎగువనున్న రెల్లులోంచి కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అతను చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. "గేట్లు ముందే ఎత్తేశారు," అని గొణిగాడు.

నేను తెడ్డు నీళ్లలో పెట్టనేలేదు. మా కయాక్ దానంతటదే వెనక్కి జరగసాగింది.