లిఫ్టులో కాఫీ

లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. లైటు ఆరింది.

"ఏయ్, ఎవడ్రా అక్కడ?" నఖ్లే ఇనుప తలుపు మీద అరచేత్తో బాదాడు. "ఆదివారం మధ్యాహ్నం నా జనరేటర్ ఆగడమేంటి? ఎప్పుడైనా ఆగిందా?"

హియామ్ గోడకి ఆనుకుని సంచిని గుండెకి అదుముకుంది.

బేరూత్ నగరంలో సర్కారు కరెంటు చుట్టంచూపుగా వస్తుంది. మిగతా పొద్దంతా పేటకొకడు జనరేటర్ పెట్టి అమ్మే కరెంటే దిక్కు. ఈ పేటకి దిక్కు నఖ్లే. ఎదురుపడితే జనం 'ముఅల్లిమ్' అని దణ్ణం పెడతారు, పెద్దాయన కదా. అటు తిరగ్గానే ఏమంటారో వాడికీ తెలుసు.

"నీ ఫోను పలుకుతోందా?"

"లేదండీ. ఇందులో సిగ్నల్ ఉండదు."

"మోకాళ్ళు బాగుంటే ఈ డబ్బా ఎక్కేవాణ్ణే కాదు. మా అత్త ఏడో అంతస్తులో కూర్చుంది, దేవుడికి దగ్గరగా ఉందామని. ఆదివారం భోజనానికి వెళ్ళకపోతే బతికుండగానే నాకు దినాలు పెట్టేస్తుంది." ఆమె వైపు తిరిగి, "నిన్నెక్కడో చూశానమ్మాయ్," అన్నాడు.

"మీ ఆఫీసు గుమ్మంలో. లెక్కలు రాసిపెడతానని వచ్చాను. మీ గుమాస్తా లోపలికి రానివ్వలేదు."

"ఓహో, ఆరో అంతస్తు లెక్కల పిల్లవా! మంచి ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టావటగా. పొగరెక్కిందంటున్నారు."

"పొగరు కాదండీ. నేను రాసిన లెక్కల కింద ఇంకొకడు సంతకం పెట్టేవాడు. చాలనిపించింది."

చాలనుకోవడం తేలికే. పని దొరకొద్దూ? వంటింటి బల్లనే ఆఫీసు చేసుకుని వేసవంతా గుమ్మం గుమ్మం తిరిగింది. మందుల కొట్టువాడు "మా బావమరిది చూస్తాడు" అన్నాడు. ఇదే మేడలో నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరు "టైం లేదు" అని మొహం మీదే తలుపేశాడు. ఆడది సొంతంగా లెక్కలు చూస్తానంటే ఈ మగాళ్ళకి వినే తీరికే ఉండదు. ఒక్క అరగంట కదలకుండా కూర్చుని వింటే కాదనేవాడుండడని ఆమె నమ్మకం. కూర్చునేవాడేడీ?

నిన్న అన్న ఫాదీ తేల్చేశాడు. "సరదా తీరిందిగా! సోమవారం నుంచి నా కొట్లో గల్లా దగ్గర కూర్చో." ఆ గల్లా ఒక అద్దాల గూడు. కూర్చుంటే రెండు మోచేతులూ గోడలకి తగుల్తాయి. ఇవాళ ఈ పెట్టెలోంచి వట్టి చేతులతో బయటపడితే రేపు ఆ పెట్టెలో పడుతుంది. అందులో పడ్డ ఆడది మళ్ళీ బయటికి రాదు. అదే గూట్లో కూర్చున్న వాళ్ళమ్మ వచ్చిందా?

"గాలాడట్లేదు." నఖ్లే గుండీలు విప్పుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు. "అబ్దో! ఒరేయ్ అబ్దో!"

వాచ్‌మన్ అబ్దో కుర్చీ కింది అంతస్తులో మెట్ల పక్కన, కరెంటు బోర్డు దగ్గరే ఉంటుంది. పలకలేదు.

"తిని పడుకుని ఉంటాడండీ. పొద్దున వాడి పిల్లల బడి కాగితాలు నింపిపెట్టాను, నాక్కూడా పలకట్లేదు చూడండి. కాఫీ తాగుతారా?"

ఫోను వెలుగులో ఫ్లాస్కు తీసి రెండు బుల్లి కప్పులు నింపింది.

"ఎప్పుడూ రెండు కప్పులు మోస్తావా?"

"కాఫీ ఒక్కరే తాగేది కాదు కదండీ."

నఖ్లే అత్తకని తెచ్చిన బక్లావా మిఠాయి డబ్బా విప్పాడు. "తిను. చచ్చేదేదో తినే చద్దాం." నోరు నిండా కుక్కుకుని గొణిగాడు. "డీజిలు అయిపోయుంటుంది. లేదా ఎవడో అమ్ముకుని ఉంటాడు."

"ఎంత కొన్నారు? ఎంత కాలింది?"

"నాకేం తెలుసు? గుమాస్తాకి తెలుసు."

"గుమాస్తాకి ఏం తెలుసో మీకు తెలుసా?"

నమలడం ఆగింది.

ఆమె మొదలుపెట్టింది. డీజిలు, మీటర్లు, వసూళ్ళు, ఎక్కడ కారుతుందో, ఎలా పట్టుకోవాలో. నఖ్లేకి లేచి పోవడానికి దారి లేదు. విన్నాడు. అడిగాడు. మళ్ళీ విన్నాడు.

"మా గుమాస్తా ఈమధ్యే మేడ కట్టాడు," అన్నాడు చివరికి, నీరసంగా. తర్వాత ఆమె కప్పు వైపు చూశాడు. "నువ్వు తాగవేం? చల్లారిపోతోంది."

"ఈ లిఫ్టు ఎవరి కరెంటుతో నడుస్తుంది ముఅల్లిమ్?"

"ఇంకెవరిది? నాదే!"

"అయితే నేను మీ ఇంటికొచ్చినట్టే. పని మీద వచ్చిన మనిషి ఆ పనికి ఇంటాయన ఊఁ అన్నాకే కదా కాఫీ ముట్టేది? తాతలనాటి పద్ధతి." కప్పు నేల మీద పెట్టేసింది.

నఖ్లే పగలబడి నవ్వాడు. "నీ కాఫీతో నన్నే కట్టేశావే!" నవ్వు ఆగాక తన కప్పులో మిగిలింది ఒక్క గుక్కలో తాగేశాడు.

"తాగమ్మా నీ కాఫీ," అన్నాడు. "రేపు పొద్దున్నే రా. గుమాస్తా కంటే ముందు రా."

కాఫీ మీద అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆ పేటలో వాడి గడప తొక్కేవాడుండడు. కారణం ఏదైనా సరే.

హియామ్ అడుగు మడ్డితో సహా గుటకేసింది. ఖాళీ కప్పుతో ఇనుప తలుపు మీద టకటకా కొట్టింది.

"ఇంతసేపు నేను బాదితే రానివాడు ఆ టకటకకి వస్తాడా?"

లైటు వెలిగింది. లిఫ్టు మూలుగుతూ పైకి కదిలింది.

"నీ చెయ్యి మంచిదమ్మాయ్!"

ఏడో అంతస్తులో దిగుతూ మిగిలిన బక్లావా ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళాడు. హియామ్ ఆరులో దిగలేదు. కిందికి నొక్కింది.

అబ్దో కుర్చీలో కూర్చుని గుమ్మడి గింజలు కొరుకుతున్నాడు. ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నగారి గల్లాకి వెళ్ళట్లేదా అమ్మా?"

"వెళ్ళట్లేదు." డబ్బా వాడి చేతిలో పెట్టింది.

"రేపు సాయంత్రం పళ్ళ డాక్టరుని లిఫ్టులో ఆపు."