మిల్లు గేటు తాళం

అది కాదమ్మా మనవరాలా, ఆవిడ వచ్చింది మిల్లు మూతపడ్డాక. అక్కణ్నుంచి రాయి.

కలప మిల్లు మూతపడితే ఊరు కొన్నాళ్లు దిక్కులు చూసింది. తర్వాత కొండలెక్కడానికి పట్నం జనం రావడం మొదలైంది. ఇంటికో గది అద్దెకిచ్చుకుని, కొండ దారికి టికెట్టు పెట్టుకుని, మళ్లీ నాలుగు వేళ్లూ నోట్లోకి పోతున్నాయనిపించుకుంది.

అన్నిటికంటే పెద్ద లాడ్జీ మిల్లులో ఒకప్పటి రంపం మేస్త్రీది.

ఆవిడ అందులోనే దిగింది. సన్నటి మనిషి. మాటకు ముందు దగ్గు వచ్చేది. అడవి అంటుకుంటే ఊరు ఎలా బయటపడాలో ప్లాను వేసుకోవడానికి సాయం చేస్తానంది. పట్నంలోని అటవీ ఆఫీసు మనిషే అనుకున్నారంతా.

బడిలో మీటింగు పెట్టింది. ఇళ్ల చుట్టూ ఎండుటాకు ఊడ్పించింది. కప్పుల మీదికి వంగిన కొమ్మలు కొట్టించింది. అంతవరకూ ఎవరూ కాదనలేదు.

చిక్కంతా మిల్లు గేటు దగ్గర వచ్చింది.

ఊరికి రెండే దారులు. మెయిన్ రోడ్డు అడవిలోంచి పోతుంది. రెండోది మిల్లు ఆవరణలోంచి ఏటి ఒడ్డుకి. టికెట్టు లేకుండా ఆ దొంగదారిన కొండెక్కేస్తున్నారని గేటుకి గొలుసు బిగించారు. తాళంచెవి మేస్త్రీ జేబులో.

ఆవిడ కనబడ్డ ప్రతివాళ్లతోనూ ఆ తాళం మాటే. టీకొట్టు దగ్గర ఆవిడకి ‘తాళం పిన్నిగారు’ అని పేరు పడిపోయింది.

ఎండలు ముదిరాయి. మేస్త్రీ మాటిమాటికీ గాలి వాసన చూడ్డం మొదలుపెట్టాడు. ఇంట్లో నడవలేని తల్లి. అయినా గేటు తెరవాలంటే ఇంకో భయం. టికెట్లు పోతే ఊరు మళ్లీ మిల్లు మూసిననాటికి పోతుంది.

“ఈ ఎండలు తగ్గేదాకైనా గొలుసు తీసెయ్యండి మేస్త్రీగారూ.”

“అవసరమొస్తే నేనే తీస్తా. తాళంచెవి నా దగ్గరే ఉందిగా.”

“ఆ వేళకి మీరెక్కడుంటారో?”

మేస్త్రీకి ఒళ్లు మండింది. “మీకేం, నెల తిరిగేసరికి జీతం వచ్చి పడుద్ది. మా పొయ్యిలో పిల్లి లేవకపోతే మీరొచ్చి లేపుతారా?”

ఆవిడ ఏదో చెప్పబోయింది. దగ్గు తెర అడ్డొచ్చింది.

గది వేరేవాళ్లకి కావాలి, ఖాళీ చెయ్యమన్నాడు. మర్నాడు పొద్దుటి బస్సుకి వెళ్లిపోయింది. ఎవరూ సాగనంపలేదు.

ఆ వారమే అడవి అంటుకుంది.

మేస్త్రీ లాడ్జీకి దుప్పట్లు కొనడానికి పట్నం వెళ్లాడు. తిరిగొస్తుంటే కొండంతా నల్లటి పొగ. మెయిన్ రోడ్డు మీద బస్సు ఆపేశారు. జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది.

ఏటి వైపు చుట్టూ తిరిగి పరుగెత్తాడు. అమ్మని లోపల పెట్టి నా చేత్తో నేనే తాళం వేశాను అనుకుంటూ పరుగెత్తాడు.

ఒడ్డు నిండా జనం. ఊరంతా అక్కడే ఉంది. టీకొట్టతని వీపు మీద తల్లి.

“దుప్పట్లు దొరికాయట్రా?” అందామె.

అతను రొప్పుతూ గేటు ఎవరు తీశారని సైగ చేశాడు.

“మేమూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే వచ్చాం అన్నా,” అన్నాడు టీకొట్టతను. “చూస్తే గొలుసు కోసేసి, పైకి తెలీకుండా చుట్టిపెట్టి ఉంది. తాళం పిన్నిగారు పోతూపోతూ చేసిన పనే.”

మంటలు చల్లారాక, కాళ్లు పట్టుకుందామని మేస్త్రీ పట్నంలో ఆ అటవీ ఆఫీసుకి వెళ్లాడు.

అక్కడి గుమాస్తా తల అడ్డంగా ఊపింది. “ఆవిడ మా ఉద్యోగి కాదండీ. జీతం తీసుకోదు. ఏ ఊరెళుతుందో మాకూ చెప్పదు.”

“మరి ఎవరావిడ?”

“వాళ్లదీ మీలాంటి ఊరే. ఇలాంటి గేటే. ఊరు తగలబడ్డ రోజు భర్తా పిల్లలూ లోపలే ఉండిపోయారు. ఆవిడ సంతకెళ్లింది, తాళంచెవి ఆవిడ సంచిలో ఉంది.”

అంతే తల్లీ. ఇది మీ బాబాయికి ఫోన్లో చదివి వినిపించు. కొండ మీద కొత్త హోటలుకి వెనక గేటు మూసే ఉంచుతున్నాడట.