జడకు లోడు ముడి

లారీ లోడు మీద టార్పాలిన్ తాడుకు వేసే ముడి ఒకటుంది. ఎన్ని గుంతల్లో ఎగిరిపడినా ఊడదు. ఒక్క కొస లాగితే మాత్రం జారిపోతుంది. అది రానివాడికి ఎంత మీసమున్నా షెడ్డులో డ్రైవరని ఒప్పుకోరు.

ఆ షెడ్డులోనే డ్రైవరైన నాన్నకు క్యారియరు తెచ్చిన పిల్ల రిబ్బను మీద మేస్త్రీ కన్ను పడింది.

"ఒరేయ్, ఇటు చూడండ్రా! జడకు లోడు ముడి! ఎవరు వేశారే పాపా?"

పిల్ల నవ్వుతూ నాన్న వైపు చూసింది. వాళ్ళమ్మకు ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ పడ్డప్పటి నుంచి జడ వేసేది నాన్నే. అది చెప్పుకుని మురిసిపోదామనే ఆ రోజు క్యారియరు తనే పట్టుకొచ్చింది.

షెడ్డంతా గొల్లుమంది. "ఏంట్రా బావా, స్టీరింగు వదిలి జడలల్లుతున్నావా?"

అందరికంటే గట్టిగా నవ్వింది డ్రైవరే. "నేనా? గాజులు తొడుక్కున్నానా ఏంటి! అదే వేసుకుని ఉంటుంది."

"అవునండీ," అంది పిల్ల. "నేనే వేసుకున్నా."

సాయంత్రం ఇంట్లో డ్రైవరు గొంతు తగ్గించి, "రామ్మా, జడ విప్పుతా," అన్నాడు.

ఒక్క కొస లాగితే విడిపోయే ముడి అది. ఆ సంగతి పిల్లకూ తెలుసు.

వెళ్ళి కత్తెర తెచ్చుకుంది.