చివరి స్వరం తర్వాత

“మొన్న కుక్కర్ కూత. నిన్న గిన్నె కిందపడింది. ఇవాళ కూనిరాగం,” అన్నాడు భర్త, మెడలో సాక్సోఫోన్ అలాగే వేలాడుతుండగా వంటింటి గుమ్మంలో నిలబడి. “ఒక్క పూట నోరు కట్టేసుకుని ఉండలేవా?”

“నేను పాడలేదండీ,” అంది ఆమె, పొయ్యి గట్టు తుడుస్తూ.

“పాడుతున్నట్టు నీకే తెలియదు. బట్టలారేస్తూ పాడతావు, బీరువా సర్దుతూ పాడతావు. నీకదో అలవాటు.”

అది నిజమే.

కుర్చీలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న అత్తగారు ఒక చెవిలోంచి దూది లాగింది. ఈ ఆల్బమ్ పని ఇంట్లో మొదలైనప్పటి నుంచీ ఆవిడ చెవుల్లో దూదే. సంగీతం తనకు పడదనీ, తల దిమ్మెక్కుతుందనీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

“ఏంటట గొడవ?”

“రికార్డింగ్ మళ్ళీ పాడైందమ్మా.”

“అసలెవరి పాటలురా అవి?”

“ఎన్నిసార్లు చెప్పాలి? ఆడవాళ్ళు రాసి, బాణీ కట్టిన పాటలు. వాళ్ళ గౌరవం కోసం జాజ్‌లో వాయిస్తున్నాం. అందులో గొంతు ఉండదు, వాయిద్యాలే. అందుకే ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలంటున్నాను.”

“ఓహో. ఆడవాళ్ళని గౌరవించడానికి ఇంట్లో ఆడవాళ్ళు నోరు మూసుకోవాలన్నమాట. బాగుంది,” అని ఆవిడ దూది మళ్ళీ చెవిలో కుక్కుకుంది.

ముందుగదిలోంచి మరిది కేకేశాడు. “ఎందుకన్నయ్యా వాదన? వదిననే వచ్చి వినమను.”

ఆమె చేతులు తుడుచుకుని వెళ్ళింది. ఆ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. నేలంతా వైర్లు. మరిది కూర్చున్న పియానో ఆమెదే, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని నల్లటి మూత మీద కాఫీ కప్పుల మరకలు గుండ్రంగా అంటుకుని ఉన్నాయి. ఆమె కొంగుతో ఒక మరకను రుద్ది చూసింది. పోలేదు. ఎవరూ చూడటం లేదనుకుని పియానో మెట్టు ఒకదాని మీద వేలు ఆనించింది, నొక్కలేదు.

ఇంట్లో పని తెమిలాక ఈ పియానో ముందు కూర్చోవాలని ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. తన పాట ఒకటి మొదటి రెండు పంక్తుల దగ్గరే ఆగిపోయి ఉంది. నాలుగు రోజులు తీరిగ్గా కూర్చుంటే మిగతాది దొరుకుతుందని ఆశ. ఆల్బమ్ అయ్యాక కూర్చుందువులే అన్నాడు భర్త. అంతకుముందు కచేరీలు అయ్యాక అన్నాడు.

“విను వదినా,” అన్నాడు మరిది. “చివరి స్వరం పూర్తిగా కరిగిపోయేదాకా మైకు ఆపకూడదు. సరిగ్గా ఆ కరిగేచోటే పడింది నీ రాగం. బాగా కుదిరిందన్న సంబరంలో మేము మైకు ఆపడం కూడా మర్చిపోయాం.”

సాక్సోఫోన్ ఆఖరి స్వరం సన్నగా సాగి, పలచబడింది. దాని వెనకనుంచి, గోడ అవతలినుంచి, ఒక ఆడగొంతు. మరిది శబ్దం పెంచాడు.

*తలుపు తీసే ఉంచాను*
*గాలైనా రాకపోదని...*

ఆమె గుర్తుపట్టింది. అది తన పాటే.

“ఇప్పుడేమంటావు?” అన్నాడు భర్త.

ఏమనాలి? తనకు తెలియకుండానే పాడి ఉంటుంది. కష్టపడి వాయించింది పాడుచేసింది. క్షమించమని అడగబోయింది.

గొంతు ఆగలేదు.

*వచ్చిన గాలి అడిగింది*
*నువ్వెందుకు బయటికి రావని.*

ఆమె పియానో అంచు పట్టుకుంది. “ఇంకోసారి వెయ్యవా?”

మరిది వేశాడు. ఈసారి భర్త కూడా వంగి విన్నాడు.

“ఎంత బాగుంది,” అన్నాడు పాట అయ్యాక. “ఎవరిదీ పాట?”

రోజూ ఆయన చెవి పక్కనే పాడే పాట. ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

“మొదటి రెండు పంక్తులూ నావి.”

“మరి తర్వాతవి?”

“తెలియదు. ఎంత వెతికినా నాకవి దొరకలేదు. ఇది నా గొంతు కూడా కాదండీ, సరిగ్గా వినండి. కాస్త బొంగురుగా ఉంది.”

“నువ్వు కాకపోతే మరి గోడ పాడిందా?” అన్నాడు భర్త.

బొంగురుగా ఎవరో దగ్గిన చప్పుడుకి ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగారు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఒక చేతిలో సగం చెక్కు తీసిన బంగాళాదుంప, రెండో చేతిలో రెండు దూది ఉండలు.

“దూది వాడి బాకా కోసం అమ్మాయ్. నీ పాట మొదలైతే తీసేస్తాను,” అందావిడ. “రోజూ అక్కడికొచ్చి ఆగిపోతావు. సగంలో ఆగిన తుమ్ములా ఎన్నాళ్ళని ఓర్చుకోను?”

ఆవిడ నెమ్మదిగా వచ్చి, మరిదిని భుజం తట్టి లేపి, పియానో బల్ల మీద ఒక పక్కకు జరిగి కూర్చుంది. మిగతా సగం కోడలి కోసం ఖాళీగా వదిలింది. ఆ తర్వాత బంగాళాదుంపను పెద్దకొడుకు చేతిలో పెట్టి, గొంతు ఏమాత్రం పెంచకుండా అందరికీ చెప్పింది.

“రేపట్నుంచి పొద్దున పూట ఈ గది మా ఇద్దరిదీ. నువ్వు వంటింట్లో ఊదుకో నాయనా. కుక్కర్ మాత్రం మూడో కూతకి ఆపెయ్, మాకు రికార్డింగ్ పాడవుతుంది.”